కొండ మీద పొగ, గదిలో నిప్పు



గుణుపురం, పద్మపూర్ ప్రాంతాల వాళ్ళకు జగమండ కొండ గురించి నేను కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆ కొండ మీద శివాలయాలున్నాయి. వాటిలో నీలకంఠేశ్వరుడి గుడిలో ఏడో శతాబ్దపు శాసనం ఒకటుంది. బౌద్ధ తార్కికుల్లో మహానుభావుడైన ధర్మకీర్తి ఆశ్రమం ఈ కొండ మీదే ఉండేదని ఆ శాసనం ఆధారంగా చెబుతారు. ఇవాళ నేను మాట్లాడబోయేది నక్షత్రాల నడుమ చీకట్లో తేలుతున్న రసాయనాల గురించి, వాటిని భూమ్మీద ఒక గదిలో కూర్చుని గుర్తుపట్టే విద్య గురించి. ఆ విద్యకు స్పెక్ట్రోస్కోపీ అని పేరు. మనవాళ్ళు వర్ణపటశాస్త్రం అన్నారు. దాన్ని ధర్మకీర్తితో మొదలుపెట్టడం ఊరి మీద అభిమానంతో మాత్రమే కాదు. ఆ శాస్త్రం నిలబడ్డ నేల ఆయన చెప్పిన అనుమాన ప్రమాణమే.

తర్కశాస్త్రంలో మొదటి పాఠం అందరికీ తెలిసిందే. దూరాన కొండ మీద పొగ కనిపిస్తోంది, కాబట్టి అక్కడ నిప్పు ఉంది. కొండ దాకా వెళ్ళి చూడలేదు కదా, ఎలా చెప్పావు అని అడిగితే వంటింటిని చూపిస్తారు. పొయ్యి రాజేస్తే పొగ లేచింది, ఆర్పేస్తే ఆగింది. అది కళ్ళారా చూశాం. వంటింట్లో తేల్చుకున్న సంబంధాన్నే కొండకు అన్వయించాం. పొగ నిప్పుకు కార్యం, నిప్పు కారణం. కార్యాన్ని పట్టుకుని కారణాన్ని చెప్పడం చెల్లుతుందని ధర్మకీర్తి అన్నాడు. అయితే ఆ కార్యకారణ సంబంధం ఎక్కడో ఒకచోట నిక్కచ్చిగా రుజువై ఉండాలని పట్టుబట్టాడు. వంటిల్లు లేకపోతే కొండ మీద పొగ చూసి మనం ఏమీ చెప్పలేం.

ఖగోళ శాస్త్రానికి ఆ వంటిల్లు ప్రయోగశాల. ఈ మాట ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, పత్రికల్లో ఎప్పుడూ టెలిస్కోపుల బొమ్మలే వస్తాయి. అంతరిక్షంలో ఫలానా అణువు దొరికిందని వార్త వస్తే, దాని కింద పెద్ద పెద్ద డిష్షులో, అద్దాలో ఉంటాయి. ఆ అణువు ఏ గీతలు వెలువరిస్తుందో ముందుగా ఒక గాజు గొట్టంలోనో, ఇనుప గదిలోనో కొలిచి పెట్టినవాళ్ళ ఊసు ఉండదు. వాళ్ళు కొలిచి పెట్టకపోతే టెలిస్కోపుకు అందినది ఎవరిదో తెలియని సంతకంగా మిగిలిపోతుంది.

అసలు గీతలు ఎందుకు వస్తాయి? పొయ్యి మంటలో చిటికెడు ఉప్పు పడితే మంట పసుపు రంగుకు తిరుగుతుంది. అది ఉప్పులోని సోడియం. దీపావళి మతాబుల్లో ఎరుపు స్ట్రాన్షియందైతే, ఆకుపచ్చ బేరియంది. ఏ పరమాణువైనా తనకు అనుమతి ఉన్న శక్తి మెట్ల మీదే నిలబడగలదు. పై మెట్టు నుంచి కింది మెట్టుకు దిగినప్పుడు ఆ రెంటి మధ్య తేడా ఎంతో సరిగ్గా అంత శక్తిని వెలుగుగా వదులుతుంది. అందుకే ఆ వెలుగును పట్టకం గుండానో, సన్నటి గీతలు గీసిన గ్రేటింగ్ మీదుగానో పంపితే, ఇంద్రధనుస్సులా పరుచుకోకుండా కొన్ని గీతలుగా మాత్రమే నిలుస్తుంది. అణువుల్లో మెట్లు ఇంకా ఎక్కువ. పరమాణువులు కలిసి అణువైతే అది కంపిస్తుంది, గిర్రున తిరుగుతుంది కూడా. కంపనాల గీతలు పరారుణ కాంతిలో వస్తాయి. తిరగడంలో మెట్లు చాలా దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి ఆ గీతలు సూక్ష్మతరంగాల్లో, అంటే రేడియో తరంగాల్లో వస్తాయి. కార్బన్ మోనాక్సైడ్ అణువు ఒక మెట్టు దిగితే 1,15,271 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక గీత వస్తుంది. మీ ఎఫ్.ఎం. రేడియో 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ మధ్య వింటుంది. తరంగం జాతి ఒకటే.

ఈ విద్య చరిత్రలో తెలుగు నేలకు దక్కిన చోటు చాలా పెద్దది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన దేశం మీదుగా సాగింది. ఫ్రాన్సు నుంచి పియెర్ జాన్సెన్ ఆ గ్రహణం కోసం గుంటూరు వచ్చి కూర్చున్నాడు. మేజర్ టెనెంట్ నాయకత్వంలో బ్రిటిష్ బృందం కూడా గుంటూరులోనే దిగింది. మద్రాసు వేధశాల నుంచి నార్మన్ పోగ్‌సన్ మచిలీపట్నం వెళ్ళాడు. చంద్రుడు సూర్యబింబాన్ని పూర్తిగా కప్పినప్పుడు అంచుల వెంట ఎగిసే సూర్యజ్వాలలను మొదటిసారి వర్ణపటదర్శినితో చూశారు. వాటిలో కొట్టొచ్చినట్టు మెరిసే గీతలు కనిపించాయి, అంటే ఆ జ్వాలలు వేడెక్కిన వాయువు. ఆ గీతలు ఎంత కాంతివంతంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వాటిని చూడొచ్చని జాన్సెన్‌కు తట్టింది. మర్నాడు గుంటూరులోనే చూశాడు కూడా.

ఆ గీతల్లో ఒకటి పసుపు. చాలామంది సోడియం అనుకున్నారు. ఉప్పు మంట పసుపే కదా! ఆ అక్టోబరులో ఇంగ్లండులో నార్మన్ లాక్యెర్ కొలిచి చూసి, ఇది సోడియం గీతల చోట లేదని తేల్చాడు. సోడియం జంట గీతలు 589.0, 589.6 నానోమీటర్ల దగ్గరుంటే ఇది 587.6 దగ్గరుంది. అంత కొద్ది తేడా. కాని సంతకంలో అక్షరం మారితే మనిషి మారినట్టే. భూమ్మీద తెలిసిన ఏ మూలకానికీ ఆ గీత లేదు. సూర్యుడి గ్రీకు పేరు మీద దాన్ని హీలియం అన్నారు. నమ్మినవాళ్ళు తక్కువ, ఎందుకంటే వంటింట్లో ఆ పొగ ఎవరూ చూడలేదు. ఇరవై ఏడేళ్ళు అలాగే గడిచాయి. 1895లో లండన్‌లో విలియం రామ్సే క్లీవైట్ అనే యురేనియం ఖనిజాన్ని ఆమ్లంలో వేసి, వచ్చిన వాయువును గొట్టంలో నింపి వెలిగిస్తే అదే పసుపు గీత, అదే చోట. గుంటూరు ఆకాశంలో కనిపించినదానికి రుజువు లండన్‌లో ఒక గాజు గొట్టంలో దొరికింది.

అలాంటి ఊహలు ప్రతిసారీ ఫలించవు. నెబ్యులాల్లో, అంటే నక్షత్రాల నడుమ ఉండే అతి పలచటి వాయుమేఘాల్లో, రెండు ఆకుపచ్చ గీతలు 1864లో విలియం హగ్గిన్స్‌కు కనిపించాయి. వాటికీ ఒక కొత్త మూలకాన్ని కల్పించి నెబ్యులియం అని పేరు పెట్టారు. అరవై ఏళ్ళు ఆ మూలకం కోసం వెతికారు. 1927లో ఐరా బొవెన్ అది మనం పీల్చే ఆక్సిజనే అని తేల్చాడు, రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఆక్సిజన్. అంతటి పలచదనం భూమ్మీద ఏ గొట్టంలోనూ తేలేం కాబట్టి ఆ గీతలు ప్రయోగశాలలో నేరుగా కనిపించలేదు. అయినా ఆయన వాడుకున్నది ప్రయోగశాల లెక్కల్నే. ఆక్సిజన్ అతినీలలోహిత గీతల నుంచి శక్తి మెట్లు తెలిసి ఉన్నాయి, ఆ మెట్ల తేడాలు చూస్తే ఆకుపచ్చ గీతలు సరిపోయాయి.

ఇప్పుడు మన ప్రాంతానికి వస్తాను. లాక్యెర్ దగ్గర లండన్‌లో సహాయకుడిగా పనిచేసి పైకొచ్చినవాడు ఆల్‌ఫ్రెడ్ ఫౌలర్. ఎర్రటి చల్లని నక్షత్రాల వర్ణపటంలోని వింత పట్టీలు టైటానియం ఆక్సైడువని 1904లో ప్రయోగశాలలో పోల్చి చెప్పింది ఆయనే. తోకచుక్క తోకలో అంతుచిక్కని పట్టీలు కనిపిస్తే, కార్బన్ మోనాక్సైడును గొట్టంలో చాలా పలచగా ఉంచి విద్యుత్తు పంపి, అవే పట్టీలు రప్పించి చూపాడు. 1930 ప్రాంతంలో ఇంపీరియల్ కాలేజీలో ఆ ఫౌలర్ దగ్గర పని నేర్చుకున్న తెలుగువాడు కొచ్చెర్లకోట రంగధామరావు. ఆయన 1898లో బరంపురంలో పుట్టారు. ఆర్సెనిక్, సెలీనియం, బ్రోమిన్ లాంటి మూలకాల గీతలను ఒక్కొక్కటే కొలిచి, ఏ మెట్టు నుంచి ఏ మెట్టుకో విడదీసి చెప్పే పనిలో ఆయన జీవితంలో పెద్ద భాగం గడిచింది. చూడ్డానికి విసుగు పుట్టించే పని. ఒక్క ఫొటో పలక మీద వందల గీతలుంటాయి. సూక్ష్మదర్శిని కింద ప్రతి గీత స్థానాన్నీ కొలవాలి. కొలిచిన సంఖ్యల మధ్య తేడాలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయేమో చూసి మెట్ల నిచ్చెన కట్టాలి. కంప్యూటరు లేని రోజుల్లో అదంతా చేత్తో చేసిన లెక్క.

ఆయనకు అంతకు ముందే ఈ రుచి పట్టించినవారు విజయనగరం మహారాజా కళాశాలలో ఎ.ఎల్. నారాయణ్. లోహపు ఆవిరులు వెలుగును ఎలా మింగుతాయో విజయనగరంలోనే కొలిచి, విదేశీ పత్రికల్లో వ్యాసాలు ప్రకటించిన గురువు. 1937లో కొడైకెనాల్ వేధశాలకు డైరెక్టరయ్యారు. ఒక ఊరి కళాశాలలో ఆవిరి గొట్టాలతో మొదలైన చూపు సూర్యుడి దాకా వెళ్ళింది. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ వరకు రైల్లో వెళ్ళేవాళ్ళు ఈ మాట గుర్తుంచుకోవాలని నా కోరిక. ఈ శాస్త్రం మనకు దూరదేశపు సరుకు కాదు.

రంగధామరావు గారు వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో స్పెక్ట్రోస్కోపీ ప్రయోగశాలను నిలబెట్టారు. అక్కడే సూరి భగవంతం ఉన్నారు. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టి, 1928లో కలకత్తాలో సి.వి. రామన్ దగ్గర చేరి, వాల్తేరు వచ్చి, రామన్ ఫలితం మీద 1940లో అక్కణ్ణుంచే గ్రంథం వెలువరించారు. అణువు ఆకారంలో ఉన్న సౌష్ఠవాన్ని బట్టి దానికి ఏ గీతలు రావాలో, ఏవి రాకూడదో గణితంతో చెప్పే సమూహ సిద్ధాంతం మీద టి. వెంకటరాయుడు గారితో కలిసి రాసిన పుస్తకం కూడా వాల్తేరు నుంచే అచ్చయింది. ఆ గణితం దగ్గరికి మళ్ళీ వస్తాను.

ఈ ప్రయోగశాలలకు డబ్బెవరిచ్చారు? ఇక్కడే కోరాపుట్, రాయగడ జిల్లాల పేరు రావాలి. 1936 ఏప్రిల్‌లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ప్రాంతమంతా విశాఖపట్నం జిల్లాలో భాగం. జయపురం సంస్థానం గుణుపురం దాకా విస్తరించి ఉండేది. 1931లో జయపురం గద్దెనెక్కిన విక్రమదేవవర్మ ఒడియాలోనూ తెలుగులోనూ కవి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఏటా లక్ష రూపాయలు విరాళం ఇచ్చారు. అక్కడి సైన్సు కళాశాలకు జయపుర విక్రమదేవ కళాశాల అనే పేరు ఆయన వల్లే వచ్చింది. ఆ లక్ష రూపాయలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? సంస్థానం రాబడి నుంచి. ఆ రాబడి ఈ కొండల రైతులు, వంశధార, నాగావళి ఒడ్డుల రైతులు కట్టిన శిస్తు. పద్మపూర్ పొలాల శిస్తూ అందులో చేరే ఉంటుంది. రాజును తలుచుకున్నంత గౌరవంగా ఆ శిస్తు కట్టినవాళ్ళనీ తలుచుకోవాలని నేననుకుంటాను. వాళ్ళ కష్టంతో నడిచిన కళాశాలలో అణువుల గీతలు కొలిచారు.

ఇక నక్షత్రాల నడిమి చీకటిలోకి వెళ్దాం. అక్కడ ఏమీ లేదని చాలాకాలం అనుకున్నారు. నిజానికి ఘన సెంటీమీటరుకు కొన్ని పరమాణువులున్న చోట్లూ ఉన్నాయి, పది వేల దాకా అణువులున్న మేఘాలూ ఉన్నాయి. మన గాలిలో అదే జాగాలో దాదాపు రెండున్నర లక్షల కోట్ల కోట్ల అణువులుంటాయి. మేఘం లోపల ఉష్ణోగ్రత సున్నాకు 263 డిగ్రీల సెల్సియస్ కింద. అంత చల్లని, అంత పలచని చోట అణువు నిలుస్తుందా? 1937 నుంచి దూరపు నక్షత్రాల వెలుగులో సన్నటి గీతలు కొన్ని కనిపించడం మొదలైంది, దారిలో ఏదో వెలుగును మింగినట్టు. వాటిలో కార్బన్, హైడ్రోజన్ కలిసిన సీహెచ్ ఉందని పోల్చారు. కార్బన్, నైట్రోజన్ కలిసిన సీఎన్‌ను 1940లో మెకెల్లర్ పోల్చాడు. మరికొన్ని గీతలు ఎవరివో తేలలేదు.

హిట్లర్ జర్మనీని వదిలి కెనడాలోని సస్కటూన్ చేరిన గెర్హార్డ్ హెర్జ్‌బర్గ్, తన విద్యార్థి డగ్లస్‌తో కలిసి 1941లో ఆ పని పట్టాడు. హీలియం నింపిన గొట్టంలో కొద్దిగా బెంజీన్ ఆవిరి కలిపి విద్యుత్తు పంపాడు. బెంజీన్ ముక్కలై, ధనావేశం గల సీహెచ్ అయాన్ పుట్టింది. దాని గీతలు 423.2 నానోమీటర్ల దగ్గర మొదలుకొని వరసగా ఆకాశపు గీతలతో సరిపోయాయి. అంతకు ముందు ఆ అయాన్ వర్ణపటాన్ని భూమ్మీద ఎవరూ చూడలేదు. అదే ఏడు మెకెల్లర్ సీఎన్ గీతల బలాబలాలు చూసి ఆ చీకటి ఉష్ణోగ్రత పరమ శూన్యానికి సుమారు 2.3 డిగ్రీల పైన, అంటే 2.3 కెల్విన్ అని లెక్కకట్టాడు. విశ్వమంతా నిండిన ఆదిమ వెలుగు వెచ్చదనమే అతని చేతికందింది. దాన్ని రేడియో యాంటెన్నాతో 1965లో కనిపెట్టినవాళ్ళకు నోబెల్ బహుమతి వచ్చింది. మెకెల్లర్ లెక్క అప్పటికి పాతికేళ్ళుగా అచ్చులోనే ఉంది.

రేడియో టెలిస్కోపులు వచ్చాక వేగం పెరిగింది. హైడ్రాక్సిల్ గీతలు 1665, 1667 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటాయని చార్లెస్ టౌన్స్ బృందం 1959లో ప్రయోగశాలలో కొలిచింది. 1963లో అదే చోట ట్యూన్ చేసి వింటే ఆకాశంలో దొరికింది. ముందు కొలత, తర్వాత వెతుకులాట. అమోనియా, నీరు, ఫార్మాల్డిహైడ్, కార్బన్ మోనాక్సైడ్ 1968, 1970 మధ్య వరసకట్టాయి. ఇప్పుడు మూడు వందలకు పైబడ్డాయి.

తిరగబడి నడిచిన కథ ఒకటుంది. నాకు చాలా ఇష్టమైనది. 1970లో బూల్, స్నైడర్ అనే ఇద్దరికి 89,190 మెగాహెర్ట్జ్ దగ్గర బలమైన గీత వినబడింది. అది తెలిసిన ఏ అణువుకూ చెందదు. ఎక్సోజెన్ అని తాత్కాలికంగా పేరు పెట్టారు. హార్వర్డ్‌లో క్లెంపరర్, అది హైడ్రోజన్, కార్బన్, ఆక్సిజన్ కలిసి ధనావేశంతో ఉన్న అయాన్ కావచ్చని ఊహించాడు. ఊహ సబబుగానే ఉంది, కాని సబబుగా ఉండటం రుజువు కాదు. అయాన్ గొట్టంలో నిలవదు, గోడకు తగిలితే పోతుంది. విస్కాన్సిన్‌లో వుడ్స్ బృందం పొడవాటి గొట్టంలో విద్యుత్ ఉత్సర్గం నడిపి, ఆ అయాన్‌ను క్షణక్షణం పుట్టిస్తూ దాని గుండా సూక్ష్మతరంగాలు పంపింది. 1975లో గీత వచ్చింది, ఆకాశంలో ఉన్నచోటే. ఐదేళ్ళపాటు పేరు లేని గొంతుగా వినిపించినదాని పేరు అప్పుడు ఖాయమైంది. ఆ మేఘాల్లో రసాయన చర్యలు అయాన్ల వల్ల నడుస్తాయనే అవగాహన దాంతో బలపడింది.

ధర్మకీర్తి మరో మాట కూడా చెప్పాడు. ఒక వస్తువు కనబడలేదు కాబట్టి లేదు అనాలంటే, అది ఉండి ఉంటే తప్పక కనబడి ఉండేదని ముందు రుజువు కావాలి. దృశ్యానుపలబ్ధి అని దాని పేరు. చీకట్లో కుండ కనబడలేదని కుండ లేదనకూడదు. ఈ సూత్రం 2005లో ఎంత పదునుగా పనిచేసిందో చూడండి. ప్రాణానికి ఇటుకల్లాంటి ఎమైనో ఆమ్లాల్లో అతి చిన్నది గ్లైసిన్. 2003లో మూడు మేఘాల్లో గ్లైసిన్ దొరికిందని ఒక బృందం ప్రకటించింది. ఎక్సోజెన్‌ను విన్న స్నైడరే తోటివాళ్ళతో కలిసి పరీక్షించాడు. గ్లైసిన్ నిజంగా ఉంటే ప్రయోగశాల కొలతల ప్రకారం ఇంకొన్ని గీతలు కూడా అంతే బలంగా రావాలి. అవి కనబడేంత సూక్ష్మంగా పరికరం చూడగలదు. అయినా అవి లేవు. కాబట్టి ఆ ప్రకటన నిలవలేదు. తర్వాత తోకచుక్కల్లో గ్లైసిన్ దొరికింది. నక్షత్రాల నడిమి మేఘాల్లో మాత్రం దాని రేడియో గీతలు ఇప్పటికీ రుజువు కాలేదు. దొరికిందని సంబరపడిన వార్తకంటే, ఈ కొట్టివేతే శాస్త్రానికి ఎక్కువ గౌరవం తెచ్చిందని నా నమ్మకం.

ఇప్పుడు ఇందాకటి గణితానికి. 1985లో హ్యారీ క్రోటో, కార్బన్ నక్షత్రాల చుట్టూ జరిగే రసాయనాన్ని అనుకరించాలని అమెరికాలో స్మాలీ, కర్ల్ దగ్గరికి వెళ్ళాడు. గ్రాఫైటు మీద లేజరు కొట్టి, పుట్టిన ఆవిరిని హీలియంలో చల్లబరిస్తే 60 కార్బన్ పరమాణువులు ఫుట్‌బాల్ ఆకారంలో కూర్చున్న అణువు దొరికింది. సి-60. కాని పిసరంత. కొలవడానికి చాలదు. నక్షత్రధూళి వెలుగును ఎలా మింగుతుందో తెలుసుకోవాలని మసి తయారు చేసుకుంటున్న క్రాచ్‌మర్, హఫ్‌మన్‌ల మసిలో అది మూటలుగా ఉందని 1990లో తేలింది. ఎలా తెలిసిందంటే, ఆ మసి వర్ణపటంలో నాలుగే నాలుగు పరారుణ పట్టీలు నిలబడ్డాయి. 60 పరమాణువుల అణువుకు 174 కంపన రీతులుంటాయి. సౌష్ఠవం వల్ల వాటిలో నాలుగు పౌనఃపున్యాలే వెలుగుతో మాట్లాడగలవని సమూహ సిద్ధాంతం చెబుతుంది. వాల్తేరులో భగవంతం, వెంకటరాయుడు బోధించిన లెక్క జాతి ఇదే. ఆ నాలుగు పట్టీలను 2010లో స్పిట్జర్ అంతరిక్ష దూరదర్శిని ఒక మరణించే నక్షత్రం చుట్టూ చూసింది.

ఆ మరుసటి ఏడు, ఆర్ కొరొనె బొరియాలిస్ జాతి నక్షత్రాల మీద దశాబ్దాలుగా పనిచేసిన బెంగుళూరు ఖగోళ శాస్త్రజ్ఞుడు ఎన్. కామేశ్వరరావు, గార్సియా-హెర్నాండెజ్, లాంబర్ట్‌లతో కలిసి ఒక వ్యాసం ప్రకటించారు. ఆ నక్షత్రాలకు హైడ్రోజన్ దాదాపు ఉండదు. సి-60 అలాంటి చోటే పుష్కలంగా ఉంటుందని అందరూ ఎదురు చూశారు. తీరా వెతికితే ఆ జాతిలో హైడ్రోజన్ కాస్త మిగిలి ఉన్నవాటి దగ్గరే ఆ పట్టీల ఛాయలు కనిపించాయి. అనుకున్నదానికి ఎదురు ఫలితం. ప్రయోగశాల పట్టీలు తెలిసి ఉండబట్టే ఈ ఆశ్చర్యానికి చోటు దొరికింది.

ప్రయోగశాల పని ఎంత సున్నితమో చెప్పడానికి సి-60 అయాన్‌ను మించిన ఉదాహరణ లేదు. లిక్ వేధశాలలో మేరీ లీ హీగర్ నూరేళ్ళ కిందట దూరపు నక్షత్రాల వెలుగులో 578.0, 579.7 నానోమీటర్ల దగ్గర వెడల్పాటి మసక పట్టీలు గమనించారు. తర్వాత అలాంటివి ఐదు వందలకు పైగా బయటపడ్డాయి. ఎవరివో తెలియవు. 1993లో స్విట్జర్లాండ్ బాసెల్‌లో జాన్ మేయర్ బృందం సి-60 అయాన్లను గడ్డకట్టిన నియాన్‌లో బంధించి వర్ణపటం తీసింది. ఆ చుట్టుపక్కలే 957.7, 963.2 దగ్గర ఆకాశంలో రెండు పట్టీలను మరుసటేడు ఫోయింగ్, ఎరెన్‌ఫ్రాయిండ్ చూపారు. కాని నియాన్ ఆ అణువును కాస్త నొక్కుతుంది, గీతలు జరుగుతాయి. ఆకాశంలో నియాన్ గడ్డ లేదు. ఒంటరి అయాన్ గీత కొలవాలి. అది ఇరవై రెండేళ్ళు పట్టింది.

చివరికి చేసింది ఇది. పరమ శూన్యానికి చాలా దగ్గరగా, సుమారు ఆరు కెల్విన్లకు చల్లబరిచిన ఉచ్చులో విద్యుత్ క్షేత్రాలతో అయాన్లను గోడ తగలకుండా నిలిపారు. వాటి మీద హీలియం వదిలితే కొన్ని అయాన్లకు ఒక్కొక్క హీలియం పరమాణువు బలహీనంగా అంటుకుంది. దాని మీద లేజరు వేసి రంగు కొద్దికొద్దిగా మార్చుకుంటూ పోయారు. అయాన్ వెలుగును మింగిన రంగు దగ్గర ఆ హీలియం ఊడిపోతుంది. ఊడితే బరువు తగ్గుతుంది, బరువు తూకం వేయొచ్చు. వెలుగును కొలవడానికి వెలుగును కాకుండా బరువును కొలిచారు. ఎంత తెలివి! హీలియం అంత బలహీనంగా పట్టుకుంటుంది కాబట్టి అయాన్‌ను దాదాపు కదపదు. 2015లో వచ్చిన సంఖ్యలు ఆకాశపు పట్టీలతో సరిపోయాయి. నూరేళ్ళ ఆ మసక పట్టీల్లో మొదట పేరు దక్కింది వీటికే. గుంటూరు గ్రహణంలో పసుపు గీతగా తొంగిచూసిన హీలియం, మరో అణువును గుర్తుపట్టడానికి సాధనమైంది. హీలియానికి హైడ్రోజన్ అతుక్కుంటే పుట్టే అయాన్‌ను 1925లోనే ప్రయోగశాలలో చూశారు. విశ్వంలో మొట్టమొదట పుట్టిన అణువు అదేనంటారు. ఆకాశంలో దాని గీత 2019లో విమానం మీద అమర్చిన సోఫియా దూరదర్శినికి దొరికింది.

ఇలా కొలిచిన గీతలన్నీ ఒకచోట కూర్చాలి. ఆ పనిని జీవితమంతా చేసిన తెలుగువాడు కె. నరహరి రావు. అమెరికాలో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో పరారుణ గీతలకు ప్రమాణాలు ఏర్పరచారు, అణు వర్ణపటాల మీద ప్రపంచ పత్రికకు సంపాదకులుగా ఉన్నారు. ఏటా కొలంబస్‌లో జరిగే సదస్సును దశాబ్దాలు నడిపారు. ఇప్పుడు ఇలినాయ్‌లో జరిగే ఆ సదస్సులో ఉత్తమంగా ప్రసంగించిన విద్యార్థులకు ఇచ్చే బహుమతి రావు ప్రైజ్. మన దేశంలో జాతీయ సైన్స్ అకాడమీ రంగధామరావు స్మారకోపన్యాసాన్ని నెలకొల్పింది. అహమ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీలో నక్షత్రమేఘాల ధూళి మీద పేరుకునే మంచుపొరలను పది కెల్విన్ల దగ్గర కృత్రిమంగా పేర్చి, వాటి మీద వికిరణం వేసి, ఏ అణువులు పుడతాయో చూస్తున్నారు.

రాయగడ, గుణుపురం, జయపురం కళాశాలల్లో ఫిజిక్స్, కెమిస్ట్రీ చదువుతున్న పిల్లలకు ఒక మాట. ఆ మసక పట్టీల్లో ఇంకా ఐదు వందలు పేరు లేకుండానే ఉన్నాయి. ఒక్కదానికి పేరు పెట్టడానికి జీవితం సరిపోవచ్చు. ప్రాక్టికల్ క్లాసులో సోడియం దీపం ముందు గ్రేటింగ్ పెట్టినప్పుడు రికార్డు నింపి బయటపడకండి. జంట గీతలు విడివిడిగా కనబడేదాకా సర్దండి. ఇంట్లోవాళ్ళు పాత సీడీ ఒకటి తీసుకోండి. దాని మీద మిల్లీమీటరుకు దాదాపు 625 గాడులుంటాయి, అది గ్రేటింగే. చీకటి గదిలో అట్టపెట్టెకు సన్నటి చీలిక పెట్టి, దాని వెనక సీడీని వాల్చి, పాత సీఎఫ్ఎల్ బల్బును చూడండి. విడివిడి రంగుల గీతలొస్తాయి, అందులో పాదరసం ఆకుపచ్చ గీత స్పష్టంగా తెలుస్తుంది. తర్వాత ఎల్ఈడీ బల్బును చూడండి, పరుచుకున్న రంగులే గాని గీతలుండవు. సూర్యుణ్ణి మాత్రం ఏ కారణంగానూ నేరుగా చూడకండి, సీడీలో ప్రతిబింబాన్నీ చూడకండి. సున్నం గోడ మీద పడ్డ ఎండను చూస్తే చాలు. చీలిక బాగా సన్నగా ఉండి, చూపు నిలకడగా ఉంటే ఆ రంగుల మధ్య సన్నటి నల్లగీతలు కనబడతాయి. పసుపులో ఉన్నది సోడియం.